గాజు పుట్ట

కడియం నర్సరీల్లో 40 ఏళ్ళు మొక్కల మధ్యే బతికిన ఒక పెద్దాయన, ఆరు నెలలు ఉండొద్దామని టెక్సస్‌లో కూతురింటికి వెళ్ళాడు. విమానం దిగిన రాత్రే తెలిసింది, మనవడి గదిలో పాముందని. గుమ్మం దాటలేదు. అక్కడే నిలబడి, అలవాటు చొప్పున రెండు చేతులూ జోడించాడు.

"విషప్పాము కాదు తాతయ్యా. బాల్ పైథాన్. భయమేస్తే మన మీదికి రాదు, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది," అన్నాడు 14 ఏళ్ళ మనవడు.

మర్నాటికి గుమ్మం దాటాడు. నాలుగో రోజుకి కుర్చీ వేసుకుని ఆ పెట్టె ముందే కూర్చోవడం మొదలుపెట్టాడు. పాము కోసం కాదు. అందులో మట్టి ఉంది, మొక్కలున్నాయి. ఆ ఇంట్లో ఆయనకి తెలిసిన ముఖాలు అవే.

నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న గాజు పెట్టె అది. అడుగున నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిచాడు కుర్రాడు. ఇటుకల్లా నొక్కిన ఆ పొట్టు మన దేశం నుంచే వచ్చిందని అట్ట మీద చదివి పెద్దాయన మురిసిపోయాడు. 650 గ్రాముల ఇటుకని నీళ్ళలో వేస్తే ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టుగా పొంగుతుంది. ఒక మూల మనీ ప్లాంటు, ఇంకో మూల స్నేక్ ప్లాంటు, మధ్యలో ఎండిన ద్రాక్షతీగ మొద్దు. మొద్దు కింద, నల్లటి ఒంటి మీద ఎండుటాకు రంగు మచ్చలతో, మూడడుగుల పాము నిద్రపోతోంది.

పదో రోజున మొద్దు మీద దూది పరిచినట్టు తెల్లగా బూజు లేచింది.

కుర్రాడు హడలిపోయాడు. పాముని తీసి వేరే డబ్బాలో పెట్టి, మొద్దుని వెనిగర్‌తో తుడిచాడు. నాలుగు రోజుల్లో బూజు మళ్ళీ వచ్చింది. ఈసారి మట్టంతా తీసి వంటింటి అవెన్‌లో కాల్చాడు. ఇల్లంతా కాలిన పీచు వాసన. వాళ్ళమ్మ కేకలేసింది, అయినా వదల్లేదు. కాల్చిన మట్టిలో ఇక ఏ క్రిమీ మిగలదని వాడి ధైర్యం. వారం తిరక్కుండా మొద్దు మీదే కాదు, మట్టి మీద కూడా బూడిద రంగు నూగు కమ్ముకుంది. పెట్టె తలుపు తీస్తే వానాకాలంలో మూసిపెట్టిన గాదె వాసన.

మూడోసారి వాడు తోటల మందులమ్మే దుకాణం నుంచి బూజుని చంపే మందు సీసా పట్టుకొచ్చాడు.

"ఆగరా," అన్నాడు తాత. మొదటిసారి పెట్టెలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి మోచేతి దాకా వచ్చాయి.

"రోజుకి ఎన్నిసార్లు పోస్తున్నావు నీళ్ళు?"

"పొయ్యట్లేదు తాతయ్యా, స్ప్రే చేస్తున్నా. పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు. దీనికి గాలిలో తేమ 60 నుంచి 80 శాతం దాకా ఉండాలి. మీటర్ 50కి పడితే నాకు నిద్ర పట్టదు."

"మరి పైన జల్లెడ మూత మీద ఈ ప్లాస్టిక్ కాగితం ఎందుకు?"

"తేమ బయటికి పోకుండా."

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పాడు.

"నేను పనిలో కొత్తగా చేరిన ఏడాది బంతి నారు పోశాను. ముసురు పట్టింది. వానకి నారు దెబ్బ తింటుందని పైన పట్టా కప్పాను. కప్పాక, అయ్యో ఎండిపోతుందేమోనని రెండు పూటలా తడిపాను. నాలుగో రోజు పట్టా ఎత్తి చూస్తే నారంతా మొదట్లో దారప్పోగులా సన్నబడి, నేలకి అతుక్కుని పడుకుంది. నారుకుళ్ళు. తెగులొచ్చి పోయిందని అందరికీ చెప్పాను గానీ, దాన్ని చంపింది తెగులు కాదురా. నేను. ప్రేమ కొద్దీ ఊపిరాడకుండా చేశాను."

కుర్రాడు మందు సీసా కింద పెట్టాడు.

"నువ్వు పుట్టగొడుగులు తిన్నావుగా? ఆ పేరెక్కడిదో తెలుసా?"

తెలీదన్నాడు వాడు.

"పుట్ట మీద లేచే గొడుగు. తొలకరి పడ్డాక గట్ల మీద పుట్టలకి తెల్లగా గొడుగులు లేస్తాయి. పొద్దున్నే పోకపోతే ఎవరో ఒకరు కోసుకుపోతారు. ఆ పుట్టలోనే పామూ ఉంటుంది. మీ అమ్మమ్మ నాగుల చవితికి పాలు పోసేది ఆ పుట్టలోనే. ఇప్పుడు చెప్పు, లోపలంతా చెమ్మ, చీకటి, కొన్నిట్లో పామూ. మరి పుట్టంతా బూజు పట్టి కుళ్ళిపోదేం?"

ఆ ప్రశ్న వాణ్ణి పట్టుకుంది. రాత్రంతా చదివి, పొద్దున కాఫీ తాగుతున్న తాత దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పుట్టని కట్టే చెదపురుగుల్లో ఒక జాతి లోపల శిలీంధ్రాన్ని సేద్యం చేస్తుందట. నమిలిన ఆకూ పుల్లా తెచ్చి అరలు అరలుగా పేర్చి, దాని మీద ఒకే రకం బూజుని పెంచి తింటాయి. పుట్టగొడుగు ఆ పంట తాలూకు పువ్వు లాంటిది. పక్కన కలుపు బూజులు లేవకుండా ఆ పురుగులే ఎప్పటికప్పుడు చూసుకుంటాయి. అవి వదిలేసి పోయాయా, కొద్ది రోజుల్లోనే కలుపు బూజు ఆ అరలన్నిటినీ కమ్మేస్తుంది. ఆఫ్రికాలో కూడా అంతే. తన పాము జాతి పడమటి ఆఫ్రికాలో ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో తలదాచుకుంటుంది. అక్కడ బెనిన్ దేశంలో వీదా అనే ఊళ్ళో ఈ పాముకి గుడి కూడా ఉంది.

"గుడి ఉందా?" అన్నాడు పెద్దాయన. మిగతాదంతా పక్కనపెట్టి ఆ గుడి గురించే పావుగంట అడిగాడు.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు.

పెట్టె ఖాళీ చేశారు. అడుగున రెండంగుళాల మందాన కాల్చిన మట్టి గోళీలు పోశారు. ఎక్కువైన నీళ్ళు కిందికి దిగి అక్కడ నిలవాలి, వేళ్ళ దగ్గర కాదు. గోళీల మీద సన్న వల. వల మీద మట్టి. కొబ్బరి పొట్టు సగానికి తగ్గించి, మిగతా సగం చెట్టు బెరడు ముక్కలు, ఇసుక, బొగ్గు ముక్కలు కలిపారు. ఒట్టి పొట్టయితే తడిసిన గుడ్డలా మెత్తగా అణిగిపోతుంది. బెరడూ బొగ్గూ ఉంటే మట్టిలో గాలి ఆడటానికి సందులుంటాయి. పెద్దాయన పశువుల ఎరువు కూడా కొద్దిగా వేద్దామన్నాడు. కుర్రాడు ఒప్పుకోలేదు. పాము ఒళ్ళు ఎప్పుడూ ఆ మట్టికి రాసుకునే ఉంటుంది, పచ్చి ఎరువు వేస్తే బూజుకి మనమే విందు పెట్టినట్టు అన్నాడు. "నిజమే," అని తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ద్రాక్ష మొద్దు పారేశారు. దానిలో మిగిలిన తీపికి బూజు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. దాని బదులు కార్క్ బెరడు పెట్టారు. మందులు కొట్టని పార్కులోంచి ఓక్ ఆకులు ఏరుకొచ్చి, మరిగే నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మట్టి మీద రెండంగుళాల మందాన పరిచారు. మూత మీది ప్లాస్టిక్ కాగితం సగం కోసేశారు. పెట్టె కింది అంచున ఉన్న గాలి కిటికీకి అడ్డంగా మట్టి పేరుకుంటే తోసేశారు. కింద నుంచి చల్లగాలి వచ్చి, వెచ్చబడి, పైనుంచి పోవాలి. పొయ్యి గొట్టం పని చేసేది అలాగే.

మూడో రోజున పోస్టులో అరచేతిలో పట్టే డబ్బా వచ్చింది. నిండా బొగ్గు ముక్కలు. "దీనికి డబ్బులిచ్చి కొన్నావా?" అన్నాడు తాత. కుర్రాడు డబ్బాలో గ్లాసుడు నీళ్ళు పోశాడు. బొగ్గు సందుల్లోంచి తెల్లటి పొడి నీటి మీదికి తేలింది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూస్తే ఆ పొడి నడుస్తోంది. మిల్లీమీటరో, మహా అయితే రెండో ఉండే పురుగులు, వందలు. పేరు స్ప్రింగ్‌టెయిల్స్. ఒంటికి తడి అంటదు కాబట్టి నీటి మీద తేలాయి. పొట్ట కింద మడిచిపెట్టుకున్న సన్నటి కొక్కెం విదిలిస్తే చెంగున ఎగురుతాయి. వాటి తిండి బూజు.

"ఇవేనా నీ చెదపురుగులు?" అన్నాడు తాత. నీళ్ళతో సహా వాటిని ఆకుల మీద ఒంపేశారు. వాటితో పాటు కొన్ని ఐసోపాడ్లు కూడా వదిలారు. ఎండుటాకులు కొరికి తినే ఆ పురుగులు రొయ్యకి చుట్టాలని తెలిసి గోదావరి జిల్లా మనిషి ఎంత ఆశ్చర్యపోయాడో చెప్పలేం.

ఇక పాము. దాన్ని వెంటనే పెట్టలేదు. కాగితం పరిచిన డబ్బాలో, దాక్కోవడానికి తడి నాచు పెట్టిన చిన్న గూడుతో నెల రోజులు ఉంచాలని ఒప్పందం. ఆ పద్నాలుగేళ్ళవాడికి నెల ఆగడం అన్నిటికన్నా కష్టమైన పని.

పన్నెండో రోజున ఆకుల కింద, కార్క్ పక్కన, తెల్లగా బూజు లేచింది.

వాడు వెనిగర్ సీసా కోసం పరుగెత్తాడు. వచ్చేసరికి తాత పెట్టెకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. "పదిరోజులు. పదిరోజులు చూసి అప్పుడు నీ ఇష్టం."

ఆ రాత్రి దీపాలార్పి టార్చి వేసి చూశారు. రూపాయి బిళ్ళంత మేర తెల్ల నూగు. దాని అంచున స్ప్రింగ్‌టెయిల్స్ గడ్డివాములో దూడల్లా మూగాయి. రెండో రాత్రి ఇంకా ఎక్కువ మూగాయి. ఐదో రాత్రికి బూజు మధ్యలో మాత్రమే మిగిలింది. తొమ్మిదో రాత్రి కార్క్ బెరడు నల్లగా, తడి ఆరి, శుభ్రంగా ఉంది. ఎవరూ తుడవలేదు.

నెల నిండాక పాముని వదిలారు. అది నాలుక ఆడించుకుంటూ పెట్టె అంతా ఒక చుట్టు తిరిగి, ఆకుల కిందికి దూరి కనిపించకుండా పోయింది. నీళ్ళు ఇప్పుడు వారానికోసారే. స్ప్రే సీసా అటక మీద. ఒక మూల చెంబెడు నీళ్ళు నెమ్మదిగా పోస్తే అవి గోళీల్లోకి దిగి, అక్కడి నుంచి మెల్లగా పైకి ఆవిరవుతాయి. పైన అంగుళం మట్టి పొడిపొడిగా ఉంటుంది. మీటర్ 65 దగ్గర నిలబడింది.

పెద్దాయన కడియం తిరిగొచ్చాక ఒక వేకువన ఫోన్ మోగింది. "తాతయ్యా, మనీ ప్లాంట్ మొదట్లో చిన్న పసుపు గొడుగు లేచింది. పీకెయ్యనా?"

"పాము ఏం చేస్తోంది?"

"ఆకుల కింద పడుకుంది."

"ఉండనీలే. పుట్టన్నాక గొడుగు లేవదా?"

నీతి

భయంతో చేసే శుభ్రం ఇంటిని ఖాళీ చేస్తుంది. ఖాళీ ఇంట్లోకి అందరికన్నా ముందు దూరేది బూజే.

కథలో కుర్రాడు రెండుసార్లు ఓడిపోయింది నిర్లక్ష్యం వల్ల కాదు. అంత శ్రద్ధ పెట్టేవాళ్ళు తక్కువ. వాడి తప్పు బూజుని బయటి నుంచి వచ్చిన దొంగ అనుకోవడం. బూజు విత్తనాలు మనం పీల్చే గాలిలో ఎప్పుడూ ఉన్నాయి. అవి మొలవడానికి కలిసొచ్చేవి మూడు: తడి, తిండి, కదలని గాలి. కొత్తగా సర్దిన పెట్టెలో ఈ మూడూ పుష్కలం. అందుకే మొదటి నెలలో తెల్ల బూజు దాదాపు ప్రతి పెట్టెలోనూ కనిపిస్తుంది, కొత్త చెక్కలోని తీపి అయిపోయేదాకా ఉండి, తర్వాత పోతుంది. అవెన్‌లో కాల్చిన మట్టిలో చచ్చింది బూజు ఒక్కటే కాదు. బూజుతో పోటీ పడేవీ, దాన్ని తినేవీ అన్నీ చచ్చాయి. ఆ బీడులో మళ్ళీ ముందు మొలిచేది ఎవరు? వెనిగర్ సంగతీ అంతే. పైన కనిపించే నూగు పోతుంది, చెక్క లోపల పాకిన పోగులు అలాగే ఉంటాయి, మధ్యలో స్ప్రింగ్‌టెయిల్స్ ప్రాణం పోతుంది.

అయితే ఈ కథ విని ఏదీ తుడవకూడదని అర్థం చేసుకుంటే పాముకి ప్రమాదం. బయటి నుంచి తెచ్చే ఆకునీ, కొమ్మనీ వేడినీళ్ళతో కడిగే లోపల పెట్టాలి, లేకపోతే పాము రక్తం పీల్చే నల్లులు వాటితో పాటు రావచ్చు. పాము వేసిన రెట్ట, అది తినకుండా వదిలేసిన ఎలుక కనిపించిన రోజే తీసేయాలి. మిల్లీమీటరు పురుగులు బూజుని మేస్తాయి గానీ, మూడడుగుల పాము వదిలిన కుప్పంతా మోయమంటే ఎలా మోస్తాయి? వాటి పని వాటిది, మన పని మనది.

నన్ను ఈ విషయంలో అన్నిటికన్నా బాధపెట్టేది తడి గురించిన పొరపాటే. తేమ కావాలంటే తడపాలి అనుకుంటాం. పాముకి కావలసింది గాలిలో తేమ. దాని పొట్ట కింద నేల పొడిగా ఉండాలి. రోజుల తరబడి తడి మట్టి మీద పడుకున్న పాముకి పొట్ట పొలుసులు గోధుమ రంగుకి తిరిగి, మెత్తబడి, పుళ్ళవుతాయి. గాలి ఆడని తడి పెట్టెలో ఊపిరితిత్తులు చెడితే శ్వాసలో గురక వినిపిస్తుంది, ముక్కు దగ్గర బుడగలు వస్తాయి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. వీటిలో ఏది కనిపించినా సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకెళ్ళాలి. ఇంట్లో వైద్యం చేస్తూ వారం గడిపితే దాని ప్రాణం మీదికి వస్తుంది. పాపం, దానికి అరవడం రాదు.

పిడికిలి పరీక్ష ఒక్కటి గుర్తుంచుకుంటే చాలావరకు ఇంత దూరం రాదు. పై పొర కింది మట్టి తీసి నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి, నీటి చుక్క రాలకూడదు. చుక్క రాలిందంటే సీసా పక్కనపెట్టి, మూత కొంచెం తెరిచి, రెండు మూడు రోజులు ఆగండి. నారుమడికీ ఇదే కొలత.

ఇంకో మాట. ఈ కథ జరిగింది అక్కడ, పెంపకంలోనే పుట్టిన పాముతో. మన ఊళ్ళలో ఇది చదివి ముచ్చటపడి, గట్టు మీది జెర్రిపోతునో నాగుపామునో తెచ్చి గాజు పెట్టెలో పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆ పాముకి గట్టు మీద పుట్ట ఉంది, పనివాళ్ళూ ఉన్నారు.

పెట్టె ఉన్నవాళ్ళు మాత్రం ఇవాళ రాత్రి దీపాలార్పాక టార్చి తీసుకుని వెళ్ళండి. ఒక ఎండుటాకు మెల్లగా ఎత్తి చూడండి. అడుగున తెల్లటి పొడి కదులుతూ కనిపిస్తే, ఆకుని ఎక్కడి నుంచి ఎత్తారో అక్కడే, అదే పక్కకి తిప్పి పెట్టేయండి.